జీపు దిగే మనిషి

పాత జీపును ఎందుకు బాగుచేస్తున్నావని అడిగినవాళ్లకు నేను తలా ఒక జవాబు చెప్పాను. స్నేహితుల దగ్గర చరిత్ర మాట్లాడాను. ఇంట్లో ఖర్చు లెక్క చెప్పి, కొత్త థార్ కొనేకంటే ఇది ఎంతో నయమన్నాను. కొడుకుతో మాత్రం, చేత్తో పని చేయడం తెలియాలిరా, అందుకే అన్నాను. ఏమీ అడగనివాడు మేస్త్రి ఒక్కడే. అతను బానెట్ ఎత్తి, డిప్‌స్టిక్ బయటికి లాగి, దానికంటిన ఆయిలును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూసుకుని, "ఇంజన్ బాగానే ఉంది సార్, బాడీయే పోయింది" అని చెప్పి వెళ్లిపోయాడు. నేనిచ్చిన మూడు జవాబుల్లో ఏదీ అబద్ధం కాదు. కానీ భోజనానికి పిలుస్తున్నా వినిపించనంతగా నన్ను షెడ్డులో కూర్చోబెట్టే బలం ఆ మూడింటిలో దేనికీ లేదని నాకు తెలుసు. అసలు కారణం వేరే ఉంది. దాన్ని బయటికి రానివ్వడం నాకే ఇష్టం లేదు.

బండి మహీంద్రా ఎం.ఎం. 540, 1991 మోడల్. ప్యూజో డిజైన్ చేసిన 2112 సీసీ డీజిల్ ఇంజన్, కొత్తలో 62 హార్స్‌పవర్. తాళం తిప్పగానే స్టార్టు కాదు, హీటర్ ప్లగ్గులు వేడెక్కేదాకా ఆగాలి. నాలుగు గేర్లు, కింద నాలుగు చక్రాలకూ కమాను కట్టలు. మొదట ఏదో ప్రభుత్వ శాఖలో తిరిగి, వేలంలో బయటికొచ్చి, ఆ తర్వాత పాడేరు, చింతపల్లి వైపు ఏజెన్సీ దారుల్లో సర్వీసు జీపుగా బతికింది. నర్సీపట్నంలో ఒక వర్క్‌షాపు వెనక పడి ఉండగా నా కంటబడింది. ఫ్లోరు తుప్పుపట్టి పెచ్చులుగా రాలిపోతోంది. క్లచ్ పెడల్ దగ్గర తొంగిచూస్తే కింద గడ్డి కనిపించేది. లారీ మీద వేయించి విశాఖపట్నం తెచ్చి, ఇంటి పక్కనున్న రేకుల షెడ్డులో దించాను.

జీపు గురించి మాట్లాడమంటే నాకు ఎక్కడలేని హుషారు వస్తుంది. 1940లో తేలికపాటి నిఘా వాహనం కావాలని అమెరికా సైన్యం కంపెనీలను పిలవడం, బాంటమ్ అనే చిన్న సంస్థకు కార్ల్ ప్రాబ్స్ట్ అనే ఇంజనీరు కొద్ది రోజుల్లోనే డ్రాయింగులు గీసివ్వడం, ఆ తర్వాత పెద్ద ఆర్డర్లు విల్లీస్, ఫోర్డ్ కంపెనీలకు పోవడం, యుద్ధం ముగిసేసరికి ఆరు లక్షలకు పైగా జీపులు తయారవడం, ఇవన్నీ ఊపిరి తీసుకోకుండా చెప్పగలను. విల్లీస్ ఎం.బి. హెడ్‌లైట్లను వెనక్కి తిప్పితే వెలుగు ఇంజన్ మీద పడేది. చీకట్లో దారి మధ్య ఆగిపోయినవాడు తన బండిని తానే చూసుకోవాలన్న ఆలోచన ఆ చిన్న ఏర్పాటులో ఉంది. మన దగ్గర, 1945లో లూథియానాలో మొదలైన మహీంద్రా అండ్ మహమ్మద్ సంస్థలోంచి గులాం మహమ్మద్ పాకిస్తాన్ వెళ్లి అక్కడి తొలి ఆర్థికమంత్రి అయ్యాడు. 1948లో అది మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. ఆ దశాబ్దం గడిచేలోపే బొంబాయిలో విల్లీస్ జీపులు బిగించడం మొదలైంది.

ఇష్టం లేకుండా ఎవరూ ఇన్ని వివరాలు గుర్తుపెట్టుకోరు. అయినా ఇవి చెబుతున్నప్పుడు నా గొంతు మారడం నేనే గమనించాను. ఎదుటివాడికి తెలియనిది నాకు తెలుసునన్న బరువు అందులో చేరుతుంది. యుద్ధంలోకి దిగిన జీపు ఎక్కడ, గుంతల రోడ్డు మీద పసుపు బస్తాలు మోసిన ఈ బండి ఎక్కడ? అయినా వాటికి వరస కలిపి, ఆ వంశానికి ఇప్పుడు నేను యజమానిని అన్నట్టు మాట్లాడతాను. వినేవాళ్లు తలూపుతుంటే ఇంకాస్త కలుపుతాను.

పని మొదలుపెట్టిన తీరులోనూ ఇదే ఉంది. మొదట నేను చేతిలోకి తీసుకున్నవి మడ్‌గార్డులు, బానెట్, ముందు గ్రిల్లు. బ్రేకు గొట్టాలు, వీల్ సిలిండర్లు, చాసిస్ అడుగున పేరుకున్న గ్రీజూ మట్టీ, ఇవన్నీ తర్వాత చూద్దాంలే అని పక్కన పెట్టాను. దీన్ని బద్ధకం అనుకుని నన్ను నేను తిట్టుకున్నాను. తర్వాత అనుమానం వచ్చింది. బద్ధకస్తుణ్ణే అయితే ఒక్క మడ్‌గార్డు మీద భుజం పట్టేసేదాకా ఎమరీ పేపర్ ఎలా రుద్దాను? కష్టానికి నేను వెనకాడలేదు. ఎవరికీ కనిపించని కష్టానికే వెనకాడాను. బండి కింద వెల్లకిలా పడుకుని, కళ్లల్లో తుప్పు రాలుతుంటే బిగించిన బోల్టును దారిన పోయేవాడు చూడడు. బానెట్ మెరుపు చూస్తాడు. బద్ధకం అని పేరు పెట్టుకుంటే మనసుకు తేలిగ్గా ఉంటుంది, అది మామూలు లోపం కాబట్టి. లోపల ఉన్నది గర్వం అని ఒప్పుకోవడమే కష్టం.

రంగు విషయంలో ఇంకొంచెం లోతుకు పోవాల్సి వచ్చింది. మిలిటరీ జీపుల ఆలివ్ గ్రీన్ వేయించాలని మొదటి నుంచీ నా కోరిక. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం రక్షణ శాఖ వాహనాలకు తప్ప మరే బండికీ ఆ రంగు వేయకూడదని మేస్త్రే చెప్పాడు. అప్పటికే పెయింటు షాపులో దానికి దగ్గరగా ఉండే షేడ్లు వెతుకుతున్నాను. చట్టానికి దొరకకుండా, చూసేవాడికి మాత్రం అలాగే అనిపించేలా ఎంత దూరం పోవచ్చో మనసులో కొలుచుకుంటున్నాను. అక్కడ ఆగి ఒక ప్రశ్న వేసుకోవాల్సింది, చాలా ఆలస్యంగా వేసుకున్నాను. నేను సైన్యంలో పనిచేయలేదు. మా ఇంట్లో ఎవరూ చేయలేదు. ఆ రంగు మీద నాకు ఏ హక్కూ లేదు, ఏ జ్ఞాపకమూ లేదు. మరి ఎందుకు కావాలి? ముందు బంపరుకు వించ్ బిగించాలన్న ఆలోచన కూడా అటువంటిదే. నేను తిరిగేది బీచ్ రోడ్డు మీద, మహా అయితే భీమిలి దాకా. ఏ బురదలోంచి లాక్కోవడానికి అంత ఇనుప తాడు? ఆఫ్‌రోడ్ పోయేవాళ్లకు అది పనిముట్టు. నాకు మాత్రం, చూసినవాడు ఒక అడుగు పక్కకు జరగాలన్న కోరిక.

ఆ కోరిక ఎక్కడి నుంచి వచ్చిందో రెండు వస్తువులు చూపించాయి.

బానెట్ పక్క రేకు మీద పైన నీలం రంగు ఉంది. రుద్దితే కింద తెలుపు. దాని కింద, తడి ఎమరీ పేపర్ మెల్లగా తిప్పుతుండగా, బ్రష్షుతో రాసిన నల్లటి అక్షరాలు బయటపడ్డాయి. "ప్రభుత్వ" అన్నంతవరకూ చదవగలిగాను. ఏ శాఖదో చెప్పే అక్షరాలు తుప్పులో కలిసిపోయాయి. ఆ క్షణంలో నా గుండె కొట్టుకున్న వేగం ఇప్పటికీ గుర్తుంది. గుడ్డతో తుడిచి, ఫొటో తీసి, ఆ భాగం మీద రంగు వేయకూడదని, పైన వార్నిష్ పూసి అలాగే ఉంచాలని అప్పటికప్పుడే నిర్ణయించుకున్నాను. బండి అసలు రూపం ఇదే కదా అన్నాను కొడుకుతో.

రెండోది బండి వెనక ఉంది. సర్వీసు తిరిగిన రోజుల్లో, లోపల చోటు చాలనివాళ్లు నిలబడడానికి, వెనక బంపరు మీద ఎవరో ఒక గళ్ల రేకును మెట్టులా వెల్డింగ్ చేయించారు. పట్టుకోవడానికి పైన రెండు ఇనుప గొట్టాలు. వెల్డింగ్ మందంగా, గడ్డలు గడ్డలుగా ఉంది, గ్రైండింగ్ కూడా చేయలేదు. కొలత వంకర. చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. ఇంత మంచి బండిని ఎవడు పాడుచేశాడు, వాడికి చేతులెలా వచ్చాయి అని పైకే తిట్టాను. గ్యాస్ కటింగ్ మనిషికి కబురు పెట్టాను. బండి అసలు రూపానికి రావాలి అన్నాను, అదే కొడుకుతో, అదే మాట.

వాడు ఎదురు మాట్లాడే రకం కాదు. "రెండూ కంపెనీవి కావుగా నాన్నా" అని మాత్రం అన్నాడు.

నిజమే. అక్షరాలు ఫ్యాక్టరీలో రాసినవి కావు, మెట్టు ఫ్యాక్టరీలో పెట్టింది కాదు. అసలు రూపమే నాకు ముఖ్యమైతే రెండూ పోవాలి. బండి బతికిన బతుకు ముఖ్యమైతే రెండూ ఉండాలి. నేను ఒకదాన్ని గుండెలకు హత్తుకుని, రెండోదాన్ని కోసి పారేయాలనుకున్నాను. పాతదాన్ని కాపాడుతున్నానని ఇన్నాళ్లూ అందరికీ చెప్పుకున్న మాట ఆ ఒక్క వాక్యం ముందు నిలవలేదు. కొడుకు మీద కోపం వచ్చింది. వాడు తప్పు మాట్లాడి ఉంటే అంత కోపం వచ్చేది కాదు.

మాది విజయనగరం జిల్లాలో చిన్న పల్లె. నా చిన్నప్పుడు ఊళ్లోకి జీపు వస్తుందంటే చెరువుగట్టు మీద దుమ్ము లేచినప్పుడే తెలిసిపోయేది. జీపులో వచ్చేవాళ్లు మా మంచి కోసం వచ్చిన రోజులు తక్కువ. అప్పు కిస్తీ కట్టకపోతే ఇంటి తలుపులు ఊడబీకి తీసుకుపోతారన్న భయం ఊరంతటికీ ఉండేది. ఒకసారి అలాగే మా వాకిట్లో జీపు ఆగింది. నాన్న భుజం మీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. దిగిన ఆఫీసరు నాన్నకంటే చాలా చిన్నవాడు. ఆయన అరవలేదు, తిట్టలేదు. కాగితంలోంచి తలెత్తకుండా "ఏమోయ్, ఎప్పుడు కడతావ్?" అన్నాడు, అంతే. నాన్న చెప్పిన జవాబు నాకు వినిపించలేదు, అంత నెమ్మదిగా చెప్పాడు.

ఇక్కడ నేను ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పని సంగతి ఉంది. ఆ రోజు నాన్న మీద నాకు జాలి కలిగి ఉండాలి. ఆ మనిషి మీద కోపం వచ్చి ఉండాలి. నాకు కలిగింది ఆ రెండూ కాదు. జీపులో ముందు సీటు ఎడమ పక్కన, కాలు బయటికి వేసి కూర్చునే ఆ చోటు నాకు కావాలనిపించింది. తలెత్తకుండా మాట్లాడగలిగే మనిషిని కావాలనిపించింది. నాన్న పక్కన నిలబడి ఉండి, మనసులో నేను అవతలి పక్కకు వెళ్లిపోయాను. తర్వాత చదువు, ఉద్యోగం, ఇల్లు అన్నీ అయ్యాయి, ఆ కోరిక పోయిందనుకున్నాను. అది చరిత్ర అభిమానం అన్న పేరుతో షెడ్డులోకి వచ్చి కూర్చుందని ఆ అక్షరాలు కనిపించినప్పుడు గుండె కొట్టుకున్న తీరు చెప్పింది.

ఆ కోరిక ఎదుటివాళ్లకు ఎలా ఉంటుందో అమ్మ చూపించింది. ఇంజన్ మొదటిసారి స్టార్టయిన రోజు షెడ్డంతా పొగ, రేకులు అదిరే చప్పుడు. యాక్సిలరేటరు వదలకుండా ఆనందంలో ఉన్నాను. అమ్మ లోపలి నుంచి పైట సర్దుకుంటూ వచ్చి గుమ్మం దగ్గర ఆగింది. "ఎవులొచ్చినార్రా బాబూ?" అంది. ఎవరూ రాలేదమ్మా, నేనే, మన బండే అన్నాను. సరే అంది గాని వెంటనే లోపలికి పోలేదు. గుమ్మం పట్టుకుని, ఎవరో దిగుతారన్నట్టు బండి వైపే చూస్తూ ఉంది. ఎనభై దాటిన మనిషి, మతిమరుపు లేదు, కొడుకు ఇంట్లో ఏ లోటూ లేదు. అయినా ఆ చప్పుడుకు పైట సర్దుకోవడం ఆమె ఒంట్లోంచి పోలేదు. చూసినవాడు ఒక అడుగు పక్కకు జరగాలని నేను కోరుకున్నాను. జరిగిన మొదటి మనిషి మా అమ్మ.

తర్వాత నేను ఆ వెనక మెట్టును సరిగ్గా చూశాను. అంతకుముందు చూసింది వెల్డింగ్ గడ్డలనే. రేకు మీది గళ్లు అంచుల దగ్గర పదునుగా ఉన్నాయి, మధ్యలో మాత్రం పూర్తిగా అరిగి నున్నబడ్డాయి. గొట్టాల మీద చెయ్యి పట్టే ఎత్తులో రంగు పోయి, ఇనుము నల్లగా మెరుస్తోంది. బస్సు పోని గూడేలకు ఆ రోజుల్లో సర్వీసు జీపే దిక్కు. సంతకు పోయే పసుపు, పిప్పళ్లు, అడ్డాకులు, కోళ్లు, జ్వరంతో ఉన్న పిల్లలు, నొప్పులు వస్తున్న ఆడవాళ్లు, అందరూ దాని మీదే కొండ దిగాలి. సీటు దొరకనివాళ్లు, సీటుకు డబ్బు చాలనివాళ్లు ఆ రేకు మీద నిలబడ్డారు. లంబసింగి ఘాట్ మలుపుల్లో, డిసెంబరు చలిలో ఆ గొట్టం ఎంత చల్లగా ఉండి ఉంటుందో! వెల్డింగ్ చేసినవాణ్ణి చేతకానివాడని తిట్టాను. అందంగా లేదు గాని, అంతమంది బరువుకు అది ఒక్కచోట కూడా పగల్లేదు. మా నాన్న ఈ బండి ఎక్కి ఉంటే నిలబడేది అక్కడే. ముందు సీటులో ఆయన్ని ఎవరూ కూర్చోబెట్టేవారు కాదు.

ఇది తెలిశాక మెట్టును ఉంచేయడం తేలికే అనిపించవచ్చు. నాకు అలా అనిపించలేదు, ఎందుకంటే ఉంచాలన్న ఆలోచన వెనకే ఇంకో ఆశ వచ్చి నిలబడింది. మెట్టు చూపించి ఈ కథంతా చెబితే వినేవాళ్లు ఎంత కదిలిపోతారో అన్న ఆశ. ఆలివ్ గ్రీన్ రంగుతో దొరకాల్సిన గౌరవం ఇప్పుడు పేదవాళ్ల పాదముద్రలతో దొరుకుతుందన్నమాట. వస్తువు మారింది గాని అడిగేవాడు మారలేదు. ఒక మంచి పని చేయబోయే ముందు దాని వెనక ఇలాంటిది కనిపిస్తే పని మానుకోవాలా, చేసేయాలా? మీకు ఎప్పుడైనా ఇలా ఎదురైతే ఏం చేశారో వినాలని ఉంది. నాకు తేలలేదు.

పనికి తన గుర్తు వేసుకోవాలన్న ఆరాటం మనిషికి పాతదే అని సర్దిచెప్పుకోవాలని చూశాను. యుద్ధకాలంలో ఫోర్డ్ కంపెనీ తాను చేసిన జీపు భాగాల మీద, చాలా బోల్టు తలల మీద కూడా "ఎఫ్" అక్షరం ముద్రించింది. ఈనాటికీ పాత జీపులు బాగుచేసేవాళ్లు ఆ ఎఫ్ బోల్టుల కోసం దేశాలు గాలిస్తారు. అంత పెద్ద కంపెనీకే బోల్టు తల మీద పేరు కావాల్సి వస్తే నాదేముంది అనుకున్నాను. కానీ వాళ్లు ఆ బోల్టు తయారుచేశారు. నేను దొరికినదాన్ని రుద్దుతున్నాను, అంతే తేడా. అది చిన్న తేడా కాదు.

చట్టం వైపు నుంచి చూస్తే నా ఇష్టాయిష్టాలకు చోటు తక్కువే. తయారీదారు ఇచ్చిన ప్రమాణాలకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగా చెప్పింది. 2021లో వచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల్లోనూ, యాభై ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు లేని బండికే ఆ గుర్తింపు. నా బండికి ఆ వయసు ఇంకా రాలేదు. ఫిట్‌నెస్‌కు తీసుకెళ్లినప్పుడు మెట్టు తీసేయమంటే తీసేయాల్సిందే, వాదించను. కానీ గ్యాస్ కటింగ్ మనిషికి కబురు పెట్టిన రోజు నా మనసులో 52వ సెక్షన్ లేదు. అక్కడ నిలబడ్డవాళ్ల ఆనవాలు నా బండి మీద ఉండకూడదన్న ఆలోచన ఉంది. రేపు చట్టప్రకారమే తీసినా ఆ ఆలోచన కడిగినట్టు పోదు.

మేస్త్రితో ఇదంతా చెప్పలేదు. మెట్టు ఉంచాలా తీయాలా అని మాత్రం అడిగాను. "మెట్టు సంగతి తర్వాత సార్. బండి కదులుతోంది, ఆగే దారి చూడండి ముందు" అన్నాడు. నిజంగానే బండికి బ్రేకులు లేవు. మాస్టర్ సిలిండర్ పట్టేసింది, వీల్ సిలిండర్ల రబ్బర్లు గట్టిపడి పగిలిపోయాయి, ఒక చక్రం దగ్గర గొట్టం తుప్పుకు కన్నం పడింది. మెరిసే బానెట్, బయటపడ్డ అక్షరాలు, స్టార్టయ్యే ఇంజన్ అన్నీ ఉండి, ఆగడం రాని బండిని నేను నెలల తరబడి ముచ్చటగా చూసుకున్నాను.

ఇప్పుడు కింద పని చేస్తున్నాను. ముందు చక్రం డ్రమ్ము సుత్తి దెబ్బలకు కూడా రాలేదు. చుట్టూ ఆయిల్ పోసి రాత్రంతా వదిలేసి, మర్నాడు మెల్లగా తడుతూ తిప్పితే వదిలింది. లోపల ఎన్నేళ్లదో ఎర్రమట్టి, ఏజెన్సీదే అయి ఉండాలి, షూల మధ్య గట్టిగా పేరుకుని ఉంది. గోకి తీశాను. అద్దంలా మెరవాల్సిన పని కాదిది, ఎవరూ చూసేది కాదు. మొదటిసారి మనసుకు కాస్త నెమ్మది దొరికిందనుకున్నాను. ఆ సాయంత్రమే, నల్లబడ్డ నా చేతుల మధ్య ఆ డ్రమ్ము పెట్టుకుని ఫొటో తీసి స్నేహితులకు పంపాను. వాళ్ల మెచ్చుకోలు వచ్చేదాకా రెండో చక్రం మీద చెయ్యి పడలేదు.

మిగిలిన చక్రాలు విప్పేటప్పుడు ఫోను ఇంట్లోనే వదిలి షెడ్డులోకి వెళ్లాను. పని బాగానే సాగింది. ఆ సంగతి కూడా ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను కాబట్టి, ఆ కోరిక నన్ను వదిలిందని మాత్రం చెప్పలేను.